పందొమ్మిదో రోజు చుక్క

అమల పెన్ను వెనక కొసతో తెర మీది గ్రాఫ్‌లో ఒక చుక్కను చూపించింది.

"ఇదేంటండీ, ఇదొక్కటీ పైకి లేచింది?"

కమలాకర్‌కు తెర వైపు చూడాల్సిన పని లేదు. అది పందొమ్మిదో రోజు చుక్క. మార్చి నుంచి ఆగస్టు దాకా దానితోనే కాపురం చేస్తున్నాడు. తార్నాకలో మూడో అంతస్తు గదిలో ఒంటరిగా అన్నం తింటున్నప్పుడు కంచం అంచు మీద అది కనిపిస్తుంది. క్యాంపస్ రాతి భవనాల నీడలో నడుస్తున్నప్పుడు చెప్పులో రాయిలా తగులుతుంది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాని మీద వేలు పెడతారని అతనికి తెలుసు. తీరా పెట్టాక భయం వేస్తుందనుకున్నాడు కానీ, ముందు కలిగింది చిన్న ఊరట. ఆ ఊరటను చూసి భయం వేసింది.

అమల సముద్ర తీరాన ఉన్న ఒక గ్యాస్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. ఇరవై ఏళ్ల కిందట కట్టిన కేంద్రం అది. దాన్ని కూల్చకుండా, పొగ బయటికి పోయే దారిలో రెండు పెద్ద స్తంభాలు అదనంగా నిలబెట్టి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాలని వాళ్ల ఆలోచన. పట్టుకునేది అమైన్ ద్రావణం. మొదటి స్తంభంలో అది పొగలోని ఆ వాయువును పీల్చుకుంటుంది. రెండో స్తంభంలో వేడి తగలగానే వదిలేస్తుంది. తేలికపడి మళ్లీ మొదటి దానికి వస్తుంది. చిక్కల్లా ఒక్కటే. గ్యాస్ మండిన పొగలో పట్టుకోవాల్సిన వాయువు నూటికి నాలుగు పాళ్లే ఉంటే, ద్రావణాన్ని విరగ్గొట్టే ఆక్సిజన్ పన్నెండు పదమూడు పాళ్లు ఉంటుంది. ద్రావణం ఆ పొగకు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఈ ఒక్క ప్రశ్న కోసమే కమలాకర్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో, మనిషెత్తు గాజు స్తంభాలు రెండు పెట్టి, నలభై రోజులు దాన్ని తిప్పాడు. రోజూ దాని బలం కొలిచి గ్రాఫ్ మీద ఒక్కో చుక్కగా పెట్టాడు. బాగా తట్టుకుంటుందని తేలింది. ప్రాజెక్టు పెద్ద ప్రొఫెసర్ పార్థసారథి సంతోషించాడు. సోమవారం నివేదిక మీద సంతకాలు కావాలి.

"ఎందుకడుగుతున్నానంటే," అంది అమల, "మా క్వార్టర్స్ ప్లాంటును ఆనుకునే ఉంటాయండీ. ఆ పక్కనే ఊరు. ఈ మందు విరిగితే అమ్మోనియా పుడుతుంది కదా. గాలి మా వైపే కొడతది. మా అమ్మకు ఇప్పటికే ఆయాసం."

"అట్లా జరగకుండా చూడటానికే కదమ్మా ఇదంతా," అన్నాడు పార్థసారథి. "కమలాకర్, బిక్షాన్ని రిజిస్టర్ పట్టుకుని రమ్మను."

బిక్షం ఆ గాజు స్తంభాలను నడిపే మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పని. పంపు చప్పుడు విని దానికేం కావాలో చెప్పేయగలడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, రిజిస్టర్ బల్ల మీద పరిచాడు. పందొమ్మిదో రోజు వరుసలో 'నీళ్లు, రెండు లీటర్లు' అని ఉంది. పక్కన సంతకం: బి.

ఆవిరై పోయిన నీటికి బదులు రోజూ డిస్టిల్డ్ వాటర్ కలపడం అక్కడి పద్ధతి. అందులో తప్పేమీ లేదు. ద్రావణం మాత్రం చుక్క కూడా కలపకూడదు. అది ఎంత విరిగిందో తెలుసుకోవడమే పరీక్ష.

"ఆ రోజు ఏం పోసినవ్ బిక్షం?"

"నీళ్లే సార్."

"నీళ్లు పోస్తే బలం ఇట్లా పెరగదే."

బిక్షం రిజిస్టర్ మీదికి వంగాడు. అతని బొటనవేలు ఆ 'బి' పక్కన ఆగింది. అది తన చేతిరాత కాదని అతనికి తెలుసు. ఆ రోజు తాను ఈ భవనంలోనే లేడనీ తెలుసు. తల ఎత్తి కమలాకర్ వైపు చూస్తే సరిపోయేది. చూడలేదు.

"క్యాను మారిందేమో సార్. రెండు క్యాన్లు ఒక్క తీర్గనే ఉంటయి గద. నాదే పొరపాటు అయ్యుంటది."

కమలాకర్ నోరు తెరిచాడు. బయటికి వచ్చిన మాటలు మాత్రం వేరే.

"మంచినీళ్లు తాగుతారా మేడమ్?"

"వద్దండీ," అంది అమల. "రెండు లీటర్లేనా?"

"రాసి ఉంది కదా," అన్నాడు పార్థసారథి. "రెండు లీటర్లకు లెక్క సరిచేస్తే గీత కొద్దిగా కిందికి జరుగుతుంది, అంతే. కమలాకర్, ఆపరేటర్ పొరపాటు అని ఒక లైను రాసి, లెక్క మార్చి పట్టుకురా. బిక్షం, యాభై దాటినయ్, కండ్లద్దాలు పెట్టుకోవయ్యా."

బిక్షం నవ్వి, రిజిస్టర్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

ఆ పందొమ్మిదో రోజున బిక్షం భార్య సాలమ్మకు రామంతాపూర్‌లో కంటి ఆపరేషన్. అప్పటికే ఆ నెలలో అతనికి రెండు నాగాలు పడ్డాయి. మూడోది పడితే ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది. "నువ్వు పో అన్నా, నేను చూసుకుంటా," అన్నాడు కమలాకర్. హాజరు కాలమ్‌లోనూ, రిజిస్టర్‌లోనూ తనే 'బి' అని పెట్టాడు. కాలేజీ రోజుల్లో ప్రాక్సీ పలికినంత తేలిగ్గా పెట్టాడు. పెట్టాక తనమీద తనకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

నీళ్ల క్యాను ఎప్పుడూ కిటికీ పక్కన ఉంటుంది, ద్రావణం క్యాను సింకు పక్కన. రెండూ ఇరవై లీటర్ల తెల్ల క్యాన్లే. అతికించిన చీటీలు ఆ గది ఆవిరికి రెండు రోజుల్లో ఊడిపోతాయి కాబట్టి బిక్షం చీటీలు మానేసి చోటును బట్టే గుర్తు పెట్టుకున్నాడు. ఆ పొద్దున గది కడిగిన మనిషి క్యాన్లు అటుదిటు పెట్టింది. కమలాకర్ ఆలస్యంగా వచ్చాడు. జలుబు చేసి ఉంది. మట్టం రోజూ కంటే బాగా కిందికి దిగి ఉంది. కిటికీ పక్కన ఉన్న క్యాను ఎత్తి గీత దాకా పోశాడు. ఎంత పోశాడో కొలవలేదు. రిజిస్టర్‌లో ముందు రోజు అంకె చూసి అదే రాశాడు.

ఇంతవరకు పొరపాటు. ఎవరికి చెప్పినా తిట్టి ఊరుకునేదే.

మూడో రోజు, మళ్లీ తన చోటికి చేరిన ద్రావణం క్యానును సింకు దగ్గర ఎత్తితే తేలిగ్గా వచ్చింది. ఆరు లీటర్లు తక్కువ. గ్రాఫ్ తీసి చూశాడు. అప్పటిదాకా రోజురోజుకూ దిగజారుతున్న గీత పందొమ్మిదో రోజున మెట్టెక్కి, అక్కడి నుంచి తీరికగా నడుస్తోంది. రెండేళ్లుగా అతను చూడాలనుకున్న గీత అచ్చం అలాగే ఉంటుంది. కాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. బిక్షం టీ తాగడానికి వెళ్లాడు. కమలాకర్ లేచి, తలుపు దగ్గరికి వేసి, కొత్త ద్రావణం ఆరు లీటర్లు కలిపి క్యానును మునుపటి మట్టానికి నింపాడు. ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు. ఆ సంగతే తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

అప్పటి నుంచి బిక్షం పట్ల అతని మర్యాద పెరిగిపోయింది. టీ తనే తెచ్చిచ్చేవాడు. సాలమ్మ కన్ను ఎలా ఉందని వారానికి మూడుసార్లు అడిగేవాడు. "ఏంది సార్, నా పెండ్లాం కన్ను మీద నాకన్న నీకే ఎక్కువ ఫికరున్నది," అని బిక్షం నవ్వేవాడు. ఆ నవ్వు కమలాకర్‌కు కోపం తెప్పించేది. ఏ పాపం ఎరగని ఆ మనిషి మీద తనలో మెల్లగా ద్వేషం లాంటిది ఊరుతున్నదని గమనించాడు. తన తప్పు ముద్ర పడి ఉన్న కాగితాన్ని అతను రోజూ చంకలో పెట్టుకు తిరుగుతున్నాడు. అతను లేకపోతే ఆ కాగితమూ ఉండదన్నట్టు, అతని అడుగుల చప్పుడు వింటే కిటికీ వైపు తిరిగిపోయేవాడు.

గురువారం అమల ముందు ఆ కాగితం తెరుచుకున్నాక, ఇంటికి వెళ్లి కర్రీ పాయింటు పప్పు ముందు పెట్టుకుని పార్థసారథికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. మూడు రోజులు రాశాడు. నీళ్లకు బదులు ద్రావణం పోసింది తనేనని, రెండు కాదు, ఆరు లీటర్లని, ఆ రోజు బిక్షం రాలేదని, సంతకం కూడా తానే పెట్టానని రాశాడు. ఆరుకు లెక్క సరిచేస్తే ఈ ద్రావణం గ్యాస్ పొగకు పనికిరాదని కూడా రాశాడు. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. 'ఈ సంగతి గురువారం సమావేశంలో ఆ చుక్కను చూసినప్పుడు నాకు స్ఫురించింది' అని రాసి, కంప్యూటర్ మూసేశాడు. మిగతాదంతా నిజమే కదా, ఒక్క తేదీలో ఏముంది అనుకున్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం తార్నాక నుంచి బౌద్ధనగర్ దాకా నడిచే వెళ్లాడు. బిక్షం వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. బిక్షం తెల్లచొక్కా ఇంకా మార్చలేదు. సాలమ్మ కుర్చీ తుడిచి వేసింది.

"కూసో బిడ్డా. నీ పుణ్యానే నాకు చూపొచ్చింది. ఇయ్యాల వాక్యం నేనే సదివిన, అద్దాలు లేకుంట. ఈయన ఆ దినం నా దగ్గర లేకపోతే నేను బల్ల మీదనే భయానికి సచ్చేదాన్ని."

"సచ్చేటోళ్లు గింత మాట్లాడరు," అన్నాడు బిక్షం. "సార్‌కు జర చాయ్ పెట్టు."

ఆమె లోపలికి వెళ్లాక కమలాకర్ ఉత్తరం తీశాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. చివరి వాక్యం కూడా చదివాడు. బిక్షం వింటున్నంతసేపూ చొక్కా గుండీ ఒకటి తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆరు లీటర్లా?"

"ఆరు."

"దేవుడా. రెండనుకున్న నేను." కాగితం వైపు చూసి అడిగాడు. "నేను రాలేదని కూడా రాసినవా?"

"రాయకపోతే ఎట్లా అన్నా? సంతకం సంగతి చెప్పాలి కదా."

"ఎవల్ని అడిగి రాసినవ్?"

కమలాకర్ ఉత్తరాన్ని మడిచాడు.

"నీ మనసుల బరువు దించుకునేతందుకు నా పని తీస్తవా సార్? గురువారం నాడు నేను నా మీద ఏసుకున్నది నీ కోసం కాదు. నా కోసమే. నాగా బయటపడొద్దని. క్యాను మారిందంటే తిట్టి ఇడిసిపెడతరు. దొంగ హాజరంటే ఇంటికి పంపుతరు. నువ్వు సదువుకున్నోనివి, ఇంకో ప్రాజెక్టు దొరుకుతది. నాకేం దొరుకుతది? వాచ్‌మన్ డ్యూటీ."

"మరి చెప్పొద్దంటావా?"

లోపల గిన్నె చప్పుడైంది. సాలమ్మ వింటున్నదని ఇద్దరికీ తెలుసు.

"ఆ మేడమ్ తల్లికి ఆయాసమన్నది కదా," అన్నాడు బిక్షం. "ఆ మందు ఇరిగితే వాసన ఎట్లుంటదో నాకెరుక. ఒక్కసారి పైపు ఊడి ముఖాన కొట్టింది. రెండు దినాలు కండ్లు తెరవలే. మూడేండ్ల సంది ఆ గదిల నేను పీలుస్తున్న." అతను గుండీ వదిలేశాడు. "చెప్పాలె. గానీ నీ సంగతి నువ్వు చెప్పు. నా సంగతి నేనే చెప్పుకుంట. రెండూ నువ్వే చెప్తే నువ్వు పెద్ద మనిషివైతవు, నేను నీ కాగితంల ఒక లైనునైత. గది కొట్టెయ్."

సాలమ్మ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "రేపు ఈయనకు ఇస్త్రీ అంగి ఎయ్యాలె గద అయితే," అంది.

తిరిగి వస్తూ కమలాకర్ క్యాంపస్ లోపలి నుంచి నడిచాడు. ఆదివారం కాబట్టి రోడ్ల మీద క్రికెట్ ఆడుతున్నారు. బిక్షం గురించిన వాక్యాలు కొట్టేయాలి. అది తేలికే. చివరి వాక్యం మాత్రం బిక్షం నమ్మాడు. ప్రశ్న కూడా వేయలేదు. పరీక్షగా చదివి చూపించాడు, పాసయింది.

*

సోమవారం పొద్దున పదిన్నరకు పార్థసారథి గదిలో నలుగురున్నారు. అమల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని ఉంది. మధ్యాహ్నం రైలు. నివేదిక బల్ల మీద సంతకాల పేజీ దగ్గర తెరిచి ఉంది.

బిక్షమే ముందు మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కాలో అతను ఇంకా చిన్నగా కనిపించాడు.

"సార్, గురువారం నేను అబద్ధమాడిన. ఆ దినం నేను డ్యూటీకి రాలే. మా ఆమెకు కండ్ల ఆపరేషన్. నాగా పడతదని సంతకం ఏయించుకున్న. నేను అడగలేదు గానీ వద్దని కూడా అనలే. నాది గంతే సార్."

పార్థసారథి కమలాకర్ వైపు తిరిగాడు. కమలాకర్ ఉత్తరం అతని ముందు పెట్టి, నోటితో కూడా చెప్పాడు. క్యాన్లు, ఆరు లీటర్లు, సంతకం. గొంతు స్థిరంగా ఉంది. లోపల ఎవరో తన వాచకాన్ని మెచ్చుకుంటున్నట్టు అనిపించింది.

ప్రొఫెసర్ ఉత్తరం చదివి అమలకిచ్చాడు. ఆమె చదివి, సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"ఆరుకు లెక్కేస్తే ఎంత వస్తదండీ?"

"నలభై రోజుల్లో మూడో వంతు విరిగిపోతుంది," అన్నాడు కమలాకర్.

"అంటే మా ప్లాంటుకి ఇది వద్దు."

"వద్దు."

ఆమె రాసుకుంది. కోపంగా లేదు. కాలవలో లాకు ఎంత తెరవాలో రాసుకునే మనిషిలా ఉంది. పెన్ను ఆపి అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసిందండీ ఈ సంగతి?"

"లెటర్లో ఉంది కదమ్మా," అన్నాడు పార్థసారథి. "గురువారమే."

"తప్పు పట్టడానికి కాదండీ. గురువారమే తెలిస్తే మిగతా రోజుల అంకెలు వాడుకోవచ్చు. ముందే తెలిసుంటే వేటినీ నమ్మలేం. మళ్లీ మొదట్నుంచీ చేయాలి. అందుకని అడిగాను."

ఇప్పుడు అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు. అది అచ్చులో ఉంది. ప్రొఫెసర్ దాన్ని పైకి చెప్పేశాడు కూడా. తల ఊపితే చాలు. తలుపు దగ్గరికి వేసి క్యాను నింపిన ఆ అయిదు నిమిషాలను లోకంలో ఎవ్వరూ చూడలేదు. కమలాకర్ పక్కకు చూశాడు. బిక్షం అతని వైపే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఇద్దరం గండం దాటాం, ఇక ఫరవాలేదు అన్నట్టుంది. ఆ ధైర్యాన్నే కమలాకర్ తట్టుకోలేకపోయాడు.

"మూడో రోజు," అన్నాడు.

"ఏ మూడో రోజు?" అన్నాడు పార్థసారథి.

"పోసిన మూడో రోజే సార్. మార్చిలనే. క్యాన్ల ఆరు లీటర్లు తగ్గింది చూసిన. చూసి, కొత్తది కలిపి నింపి పెట్టిన. బిక్షమన్నకు కనపడొద్దని." ప్రొఫెసర్ దగ్గర ఎప్పుడూ మాట్లాడే భాష అతని నోట్లోంచి జారిపోయింది. ఇంటి మాటే వచ్చింది.

పార్థసారథి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అమల నోటుబుక్కులో అంతకుముందు రాసిన లైను మీద అడ్డంగా గీత గీసింది.

"అయితే మళ్లీ చేయాలండీ," అంది. "ఈసారి కొలతలు మా వాళ్లొచ్చి తీస్తారు. ఏమనుకోవద్దు."

"అనుకోవడానికేముందమ్మా," అన్నాడు పార్థసారథి. తర్వాత, కమలాకర్ ముఖం చూడకుండా, "నువ్వు ఆ గదిలోకి పోవద్దు. తాళం చెవి ఇక్కడ పెట్టు. బిక్షం, ఏజెన్సీ వాళ్లతో మాట్లాడతా. ఏమైతదో చెప్పలేను. మళ్లీ నడపాలంటే నువ్వు ఉండాలని చెప్తా," అన్నాడు.

కమలాకర్ తాళం చెవి బల్ల మీద పెట్టాడు.

వరండాలో బిక్షం వేగంగా నడుస్తున్నాడు. కమలాకర్ అతన్ని అందుకున్నాడు. ప్రయోగశాల తలుపు దగ్గర బిక్షం ఆగాడు గాని, వెనక్కి తిరగలేదు.

"గురువారం నాడు నేను తప్పు నాదేనని నిలబడ్డప్పుడు నీకు ఎరుకనే ఉండెనా?"

"ఉండె."

"నాకు మాత్రం నీకు తెల్వదనిపించింది. పాపం, ఏమైందో సమజ్ గాక గాభరా పడుతున్నడనుకున్న. నిన్న మా ఇంట్ల కూసొని చాయ్ తాగుకుంట కూడా..." అప్పుడు వెనక్కి తిరిగాడు. "మా ఆమె నీ పేరు మీద ప్రార్థన చేసింది సార్, నిన్న."

"అన్నా..."

"నువ్వు లోపలికి రావద్దన్నడు కదా పెద్దసారు."

తలుపు మూసుకుంది. కమలాకర్ వరండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెప్పేస్తే తేలికపడతానని అయిదు నెలలుగా అనుకున్నాడు. ఆ తేలిక వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. బిక్షం ముఖంలో ఇప్పుడు చూసిందే మిగిలింది. దాన్ని ఏ ఉత్తరంలో రాయాలో తెలియదు.

అమలకు చూపించడానికి పాత ద్రావణాన్ని అప్పటిదాకా స్తంభాల్లో తిప్పుతూనే ఉన్నారు. మళ్లీ మొదట్నుంచీ నడపాలంటే ముందు దాన్ని దింపాలి. లోపల పంపు చప్పుడు ఆగింది. కొంచెంసేపటికి గొట్టం విప్పిన చప్పుడు, ఆ తర్వాత ద్రావణం కొలజాడీలోకి ధారగా పడే చప్పుడు వినిపించాయి. బిక్షం ఒక్కొక్క లీటరే దింపుతూ, అంకె పైకి చెప్పి, ఆగి, రాసుకుని, మళ్లీ దింపుతున్నాడు.